చిన్నవాడి రిపోర్టు సరే, పెద్దపాప సంగతేంటి?

ప్రశ్న: "మా బాబు పుట్టి 16 రోజులైంది. మూడో రోజున ఆసుపత్రిలో వాడి మడమకి సూది గుచ్చి ఒక అట్ట మీద రక్తం చుక్కలు తీసుకున్నారు. నిన్న రిపోర్టు వచ్చింది. బయోటినిడేజ్ తక్కువ ఉందట, మళ్లీ చేయించమన్నారు. మిగతావన్నీ, జీ-6-పీడీ, థైరాయిడ్ అన్నీ నార్మల్. వాడు పాలు బాగా తాగుతున్నాడు, బరువు పెరిగాడు. మా అత్తయ్య 'నిక్షేపంలా ఉన్న పిల్లాడికి ఈ సూదులేంటి, ల్యాబుల వాళ్ల వ్యాపారం కాకపోతే' అంటోంది. ఆ రోజు నర్సు ఆ అట్టని కిటికీలో ఎండకి పెట్టడం, కాసేపాగి ప్లాస్టిక్ కవర్లో వేయడం నేను చూశాను. దానివల్ల రిపోర్టు తప్పు వచ్చి ఉంటుందా? మాది మేనరికం, మా ఆయన మా మేనమామ కొడుకు. అందుకే ఇలా అయిందని మా అమ్మ ఒకటే ఏడుపు. పెద్దపాపకి నాలుగేళ్లు, దానికి పుట్టినప్పుడు ఇలాంటి పరీక్షలేవీ చేయలేదు. మాటలు ఇంకా సరిగా రాలేదు గానీ ఆరోగ్యంగానే ఉంది. జుట్టు పలచన, మూతి చుట్టూ దద్దుర్లు వస్తూ పోతూ ఉంటాయి, అంతే."
— ఒక తల్లి, తూర్పుగోదావరి జిల్లా

అమ్మా, మీ మెయిల్ చదివిన రాత్రే రెండు ముక్కలు రాసి పంపాను, పొద్దున్నే ఇద్దరు పిల్లల్నీ తీసుకుని పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండని. ఇద్దర్నీ అని ఎందుకన్నానో ఇక్కడ వివరంగా చెప్తాను. ఇలాంటి రిపోర్టు చేతిలో పట్టుకుని ఏం చేయాలో తోచక కూర్చున్న ఇళ్లు ఇంకా ఉంటాయి, వాళ్లకీ పనికొస్తుంది.

బాబు గురించి అన్ని వివరాలు రాసి, ఆఖర్న పాప గురించి ఒకట్రెండు మాటలు చెప్పి "అంతే" అన్నారు. నేను ఆ "అంతే" దగ్గరే ఆగిపోయాను. మాటలు రావడం ఆలస్యం, పలచని జుట్టు, మూతి చుట్టూ దద్దుర్లు, ఈ మూడూ విడివిడిగా చూస్తే ఏ ఇంట్లోనైనా ఉండేవే. ఒకే పిల్లకి మూడూ ఉండి, ఆ పిల్ల తమ్ముడికి బయోటినిడేజ్ తక్కువని కాగితం వచ్చిందంటే మాత్రం అవి విడివిడి విషయాలు కాకపోవచ్చు. కాకపోవచ్చు అనే అంటున్నాను, పరీక్ష చేయకుండా ఎవరూ అంతకుమించి చెప్పలేరు. కానీ ఈ వారంలోనే పరీక్ష చేయించాల్సింది ముందు పాపకి, తర్వాతే బాబుకి. ఇద్దరికీ ఒకే రోజు చేయిస్తే ఇంకా మంచిది.

బయోటినిడేజ్ అనేది ఒక ఎంజైమ్, అంటే ఒంట్లో రసాయన మార్పుల్ని జరిపించే ప్రోటీన్. అసలు దీని పనేంటో చెప్తాను. బయోటిన్ ఒక విటమిన్, జుట్టుకి మంచిదని మందుల షాపుల్లో అమ్ముతుంటారు కదా, అదే. మనకి శక్తి తయారయ్యే దారిలో కొన్ని ముఖ్యమైన ఎంజైములు ఈ బయోటిన్ తోడు లేకపోతే పనిచేయవు. మన ఒంట్లో అది ఎక్కువగా నిల్వ ఉండదు, ఉన్న కాస్తనే తిప్పితిప్పి వాడుకుంటాం. టీకొట్టులో గ్లాసుల్లాగా అనుకోండి. కొట్లో ఉండేవి పాతిక గ్లాసులే, కడిగి మళ్లీ పెడుతుంటే రోజంతా వందల టీలు నడుస్తాయి. ఆ గ్లాసులు కడిగే మనిషే బయోటినిడేజ్. వాడు రాకపోతే పాలున్నా, డికాక్షన్ ఉన్నా, పొయ్యి మండుతున్నా కాసేపటికి టీ పోయడానికి గ్లాసు ఉండదు. తిండిలో బయోటిన్ చాలావరకు ప్రోటీన్‌కి అతుక్కునే వస్తుంది, దాన్ని విడదీసేదీ ఇదే.

మీ బాబు నిక్షేపంలా ఉండటానికి కారణం కూడా ఇదే. కడుపులో ఉన్నప్పుడు మీ దగ్గర్నుంచి తెచ్చుకున్న గ్లాసులు ఇంకా ఉన్నాయి. లోపం నిజంగా ఉంటే లక్షణాలు సగటున మూడున్నర నెలల వయసులో మొదలవుతాయి, కొందరికి కొన్ని వారాలకే వస్తాయి, కొందరికి ఏళ్ల తర్వాత వస్తాయి. కాబట్టి "పాలు తాగుతున్నాడు కదా" అన్న అత్తయ్యగారి మాట అబద్ధం కాదు, అయితే అది ఈ ప్రశ్నకి జవాబు కాదు. పిల్లాడు బాగున్నప్పుడే పట్టుకోవాలనేగా ఈ పరీక్ష పెట్టింది.

పట్టుకోకపోతే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. పీజీ చేస్తున్న రోజుల్లో మా వార్డుకి ఐదు నెలల బాబు వచ్చాడు, ఫిట్స్‌తో. ఒక మందు వేశాం, తగ్గలేదు, ఇంకోటి కలిపాం, అదీ అంతే. వాడి మూతి చుట్టూ, తొడల మధ్య ఎర్రగా పొక్కిపోయి ఉంటే ఫంగస్ అని ఆయింట్‌మెంట్ రాశాం. తొమ్మిదో రోజున రౌండ్స్‌కి వచ్చిన మా మేడమ్ మంచం పక్కన కూర్చుని వాడి కనుబొమ్మ మీద బొటనవేలితో నిమిరి, "వీడికి కనుబొమ్మలేవి?" అన్నారు. మేం ఎనిమిది రోజులుగా వాడి మొహమే చూస్తున్నాం, ఒక్కరం చూడలేదు. రక్తం తీసి పంపి, రిపోర్టు కోసం ఆగకుండా బయోటిన్ మొదలుపెట్టారు. రెండో రోజుకి ఫిట్స్ ఆగిపోయాయి. మూడు వారాలకి చర్మం బాగైంది, తల మీద నూగు మొలిచింది. వాళ్లమ్మ ఆనందం చెప్పలేను. తర్వాత ఒకరోజు క్యాంటీన్ నుంచి తెచ్చిన స్టీలు కంచం ఆయా చేతిలోంచి జారి కింద పడింది, వార్డులో పిల్లలంతా ఉలిక్కిపడి ఏడ్చారు, వాడొక్కడు సీలింగ్ ఫ్యాను చూస్తూ నవ్వుతూనే ఉన్నాడు. వాళ్లమ్మ మొహం తిప్పి నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

ఈ జబ్బులో ఫిట్స్ ఆగుతాయి, దద్దుర్లు పోతాయి, జుట్టు వస్తుంది, కానీ పోయిన వినికిడి మాత్రం సాధారణంగా తిరిగి రాదు. తీవ్రమైన లోపం ఉండి, మందు పడక లక్షణాలు వచ్చిన పిల్లల్లో నాలుగింట మూడు వంతుల మందికి వినికిడి దెబ్బతింటుంది. కొందరికి కంటి నరం కూడా దెబ్బతింటుంది. అందుకే మాటలు సరిగా రాని మీ పాపకి ఎంజైమ్ పరీక్షతో పాటు బెరా పరీక్ష కూడా చేయించండి. అది సులువే. నిద్రమందు ఇచ్చి పడుకోబెట్టి, నుదుటి మీద, చెవుల వెనకాల చిన్న బిళ్లలు అతికించి, చెవిలో టిక్ టిక్ అని శబ్దం పెట్టి, ఆ శబ్దం మెదడుదాకా చేరుతోందో లేదో మెషీన్ మీద చూస్తారు. కళ్లు కూడా ఒకసారి చూపించండి. పాప ఎంజైమ్ పూర్తిగా నార్మల్ అని వచ్చినా సరే బెరా మానకండి. నాలుగేళ్లకి మాటలు సరిగా రాలేదంటే, కారణం ఏదైనా ముందు చెవి చూడాలి. "నాలుక మందం", "వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయి", "ఇంకోసారి గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుంది", ఇవన్నీ మన ఇళ్లలో ప్రేమగా అనే మాటలే. కానీ వాటి వెనకాల ఏళ్లు గడిచిపోతాయి.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న, ఎండకి పెట్టిన అట్ట సంగతి. మీరు చాలా బాగా గమనించారు. ఆ అట్ట మామూలు కాగితం కాదు, ఎంత రక్తం పీల్చుకోవాలో కొలిచి తయారుచేసిన ఫిల్టర్ పేపర్. పద్ధతిగా అయితే బిడ్డ పాదాన్ని గోరువెచ్చని గుడ్డతో కాసేపు వెచ్చబెట్టి, మడమ పక్క భాగంలో గుచ్చి (మధ్యలో గుచ్చకూడదు, ఎముక దగ్గరగా ఉంటుంది), మొదటి చుక్క తుడిచేసి, రెండోది ఊరి పెద్దదయ్యాక అట్ట మీది వలయానికి ఒక్కసారి తాకించాలి. అది వెనక వైపుకి కూడా ఇంకాలి. చుక్క మీద చుక్క వేయకూడదు, వలయాల్ని వేలితో ముట్టుకోకూడదు. తర్వాత నీడలో, ఎండా వేడీ తగలకుండా, బల్లపరుపుగా పెట్టి కనీసం మూడు గంటలు ఆరనివ్వాలి. తడి పూర్తిగా పోయాకే కాగితం కవర్లో వేయాలి. తడిగా ఉన్నది ప్లాస్టిక్ కవర్లో వేస్తే లోపల చెమ్మ పట్టి ఎంజైమ్ చెడిపోతుంది. వేడికీ తేమకీ బయోటినిడేజ్ త్వరగా దెబ్బతింటుంది. మన ఎండల్లో, గోదావరి జిల్లాల ఉక్కపోతలో, కొరియర్ సంచిలో రెండు రోజులు తిరిగిన అట్ట మీద ఎంజైమ్ తక్కువ కనిపించడంలో వింతేమీ లేదు. నెలలు నిండకుండా పుట్టినా, కాలేయం సరిగా పనిచేయకపోయినా కూడా తక్కువ చూపిస్తుంది.

అయితే ఒక్క విషయం చూడండి. మీ రిపోర్టులోనే జీ-6-పీడీ నార్మల్ అని ఉంది. అదీ ఎంజైమే, అదీ వేడికి ఓర్చుకోలేనిదే, అదే అట్ట మీది రక్తంలోంచి చూసిందే. ఎండ వల్లే అంతా చెడిపోయి ఉంటే అది కూడా పడిపోయి ఉండాల్సింది, కనీసం బొటాబొటీగా ఉండాల్సింది. అది బాగుండి, బయోటినిడేజ్ ఒక్కటే తగ్గిందంటే తప్పంతా ఎండ మీదికి తోసేయడం నాకు ధైర్యం చాలదు. ఎండ వల్ల అయ్యే అవకాశం ఉంది, కాకపోయే అవకాశమూ ఉంది. అట్ట మీది పరీక్ష అనుమానితుల్ని వేరు చేసే జల్లెడ, అంతవరకే దాని పని. లోపం ఉందీ లేదూ అని తేల్చేది నరంలోంచి తీసిన రక్తంతో చేసే పరీక్ష. ప్రపంచం మొత్తం లెక్క వేస్తే ఈ లోపం సుమారు 60,000 కాన్పుల్లో ఒకరికి ఉంటుంది, మేనరికాలు ఎక్కువున్న చోట్ల అంతకంటే ఎక్కువే చూస్తాం.

రెండోసారి పరీక్షకి వెళ్లినప్పుడు ఇవి గట్టిగా అడగండి, మొహమాటపడకండి. రక్తం తీసిన వెంటనే సీరం (గడ్డకట్టిన రక్తం మీద తేలే పలచని ద్రవం) వేరు చేసి ఫ్రీజ్ చేయాలి, వేరే ఊరి ల్యాబుకి పంపేటట్లయితే డ్రై ఐస్‌లో పెట్టి పంపాలి. పిల్లల శాంపిళ్లతో పాటు మీ ఇంటి రక్తసంబంధం లేని ఆరోగ్యవంతుల శాంపిల్ ఒకటి కలిపి పంపమనండి, పక్కింటివాళ్లైనా, ఆ ఆసుపత్రిలో పనిచేసేవాళ్లైనా సరే. వాళ్లది నార్మల్ వచ్చి మీ పిల్లలది తక్కువ వస్తే దారిలో చెడిపోయిందన్న సందేహం ఉండదు. మీ ఇద్దరి రక్తం కూడా పంపితే ఇంకా మంచిది, లోపం జన్యువు మోస్తున్న తల్లిదండ్రులకి సాధారణంగా సగం చుట్టుపక్కల వస్తుంది. రిపోర్టులో మామూలు సగటులో పది శాతం కంటే తక్కువ ఉంటే తీవ్రమైన లోపం అంటారు, పది నుంచి ముప్పై మధ్య ఉంటే పాక్షిక లోపం. పాక్షిక లోపం ఉన్న పిల్లలు మామూలుగా బాగానే ఉండి జ్వరమో విరేచనాలో వచ్చినప్పుడు ఇబ్బంది పడొచ్చు. హైదరాబాద్‌ వెళ్లే వీలుంటే నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, జన్యు పరీక్షలకి సీడీఎఫ్‌డీ అనే సంస్థ ఉంది. దూరం అనుకుంటే మీ పిల్లల డాక్టరే శాంపిల్ తీసి పంపించగలరు.

శాంపిల్ తీసిన మరుక్షణం నుంచి బయోటిన్ మొదలుపెట్టమని మీ డాక్టరుని అడగండి, రిపోర్టు వచ్చేదాకా ఆగక్కర్లేదు. పాపకి మూత్రంలో ఆర్గానిక్ యాసిడ్స్ పరీక్ష కూడా రాస్తే ఆ శాంపిల్ మాత్రం మందు వేయకముందే పట్టండి. మోతాదు డాక్టరే చెప్తారు, మామూలుగా రోజుకి 5 నుంచి 10 మిల్లీగ్రాములు ఇస్తారు. పెద్దవాళ్లకి రోజుకి కావలసింది 30 మైక్రోగ్రాములేనని చదివి కంగారుపడతారేమో, గ్లాసులు కడిగే మనిషి లేనప్పుడు రోజూ కొత్త గ్లాసులు తెచ్చి పోయాలి, అందుకే అంత. ఈ మోతాదులో ఏళ్ల తరబడి వాడుతున్న పిల్లలకి హాని జరిగిన దాఖలా లేదు. షాపులో "జుట్టుకి" అని ఇచ్చే రకరకాల కలగూర మాత్రలు వద్దు, వట్టి బయోటిన్ ఉన్నదే అడిగి తీసుకోండి. బాబుకి మాత్రని మెత్తగా నూరి, ఉగ్గుగిన్నెలో ఒక చెంచాడు మీ పాలు పిండి, కలిపి అప్పటికప్పుడు పట్టేయండి. గిన్నె అడుగున తెల్లగా మిగిలిపోతే ఇంకాస్త పాలు పోసి అదీ పట్టించండి. సీసా నిండా కలిపి పెట్టుకోవద్దు, అడుగుకి దిగిపోతుంది, ఒక రోజు ఎక్కువ ఒక రోజు తక్కువ పడుతుంది. లోపం ఖాయమైతే ఇది జీవితాంతం వేయాల్సిందే. బాగున్నాడు కదా అని మానేసినవాళ్లలో మళ్లీ లక్షణాలు వస్తాయి. పిల్లలు పెద్దయ్యాక పచ్చిగుడ్డు తాగించొద్దు, పచ్చి తెల్లసొనలో బయోటిన్‌ని పట్టేసుకునే పదార్థం ఉంటుంది. ఉడికించింది తినొచ్చు.

ఇంకోటి, చాలామంది చెప్పడం మర్చిపోతారు. బయోటిన్ వాడుతుంటే కొన్ని ల్యాబుల్లో థైరాయిడ్ పరీక్షలు తప్పు వస్తాయి, ఆ పరీక్ష చేసే పద్ధతిలోనే బయోటిన్ ఉంటుంది కాబట్టి. లేని థైరాయిడ్ జబ్బు ఉన్నట్టు చూపించొచ్చు. ఎప్పుడు రక్తపరీక్షకి వెళ్లినా బయోటిన్ వాడుతున్నారని ముందే చెప్పండి. బయోటినిడేజ్ పరీక్షకి మాత్రం ఆ మందు అడ్డు రాదు.

ఇప్పుడు మీ అమ్మగారి ఏడుపు గురించి. ఆవిడకి ఈ భాగం చదివి వినిపించండి. ఈ జన్యువు మనందరి దగ్గరా రెండు కాపీలు ఉంటుంది, ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి. ఒక్క కాపీ పాడైతే ఏమీ కాదు, అలా పాడైన కాపీ మోస్తూ ఎనభై ఏళ్లు హాయిగా బతికినవాళ్లు ఉంటారు. మీ పిల్లల్లో లోపం తేలితే, మీ దగ్గరా మీ ఆయన దగ్గరా ఒక్కో పాడైన కాపీ ఉందని అర్థం. అది ఎక్కువగా మీ అమ్మమ్మ, తాతయ్యల్లో ఎవరో ఒకరి నుంచి ఒక పక్క మీ అమ్మ ద్వారా మీకు, ఇంకో పక్క మీ మేనమామ ద్వారా మీ ఆయనకి వచ్చి ఉంటుంది. రెండూ ఒకే బిడ్డలో కలిసే అవకాశం ప్రతి కాన్పుకీ నాలుగింట ఒకటి. మేనరికం వల్ల ఆ పాడైన కాపీ పుట్టలేదు, రెండు కాపీలు ఒకచోట కలిసే అవకాశం పెరిగిందంతే. పెద్దాయన ఎవరో, ఎప్పుడో, తనకే తెలియకుండా ఇచ్చిన దానికి మీ అమ్మ ఎందుకు ఏడవాలి? ఆవిడ కుదిర్చిన సంబంధంలో ప్రేమే ఉంది. మీ అత్తయ్యగారి రక్తం ఈ లెక్కలో దాదాపు లేనే లేదు, అయినా ఆవిడ మీద కోపం పెట్టుకోకండి, చంటిబిడ్డకి సూది గుచ్చుతుంటే చూడలేని బాధ ఆవిడది. మీకు చెల్లెళ్లు, మీ ఆయనకి తోబుట్టువులు ఉండి వాళ్లకి పిల్లలుంటే, ముఖ్యంగా వాళ్లదీ మేనరికమే అయితే, విషయం చెప్పండి. మీకు మళ్లీ కాన్పు అయితే పుట్టిన రోజే బిడ్డ రక్తం పంపొచ్చు.

మీరు అతిగా ఆలోచిస్తున్నారని ఇంట్లో అంటున్నట్టు మీ మాటల్లో తెలుస్తోంది. ఈ రకం పరీక్షల కథ మొదలైందే అలా అనిపించుకున్న ఒక తల్లి వల్ల. నార్వేలో బోర్గ్నీ ఎగెలాండ్ అనే ఆవిడకి ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ బుద్ధి ఎదగలేదు, ఒంటికి అదోరకం వాసన. ఎందరు డాక్టర్లు కాదన్నా ఆవిడ తిరుగుతూనే ఉంది. ఆఖరికి 1934లో అస్బ్యోర్న్ ఫోలింగ్ అనే డాక్టరు ఆ పిల్లల మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ వేసి చూస్తే ఆకుపచ్చగా మారింది. ఫీనైల్‌కీటోన్యూరియా అనే ఎంజైమ్ లోపం అలా బయటపడింది. ఆ జబ్బునే ముందుగా పట్టడానికి 1960ల మొదట్లో అమెరికాలో రాబర్ట్ గత్రీ మడమ చుక్కనీ ఫిల్టర్ పేపర్‌నీ వాడుకలోకి తెచ్చాడు. బయోటినిడేజ్ లోపాన్ని బారీ వుల్ఫ్ బృందం 1983లో గుర్తిస్తే, మరుసటి ఏడాదే వర్జీనియా రాష్ట్రంలో పుట్టిన పిల్లలకి ఇదే మడమ చుక్కతో పరీక్ష మొదలుపెట్టారు. మన దేశంలో ప్రతి కాన్పుకీ ఈ పరీక్ష చేసే జాతీయ పథకం ఇంకా లేదు, అందుకే మీ పాపకి నాలుగేళ్ల కిందట ఎవరూ చేయలేదు. అందులో మీ తప్పేమీ లేదు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు బాబు రిపోర్టు అసలు కాగితం పట్టుకెళ్లండి, ఫోన్లో ఫొటో చాలదు. పాపకి దద్దుర్లు ఎక్కువగా ఉన్నప్పుడు తీసిన ఫొటోలుంటే అవి కూడా. ఆ ఎండలో పెట్టిన అట్ట సంగతి, మేనరికం సంగతి మీరే నోరు తెరిచి చెప్పండి, వాళ్లు అడుగుతారని ఆగకండి. బెరా అయ్యాక ఆ కాగితం నాకు పంపండి. పాపదే ముందు.